కెప్టెన్ ఎడమచేతివాటం

కెప్టెన్ తాగేది ఎర్రగా ఉంటుందా, పచ్చగా ఉంటుందా అన్న విషయం మీద గురువారం సాయంత్రం ఆ ఇంట్లో పెద్ద తగువే నడిచింది. సినిమా నలుపు తెలుపుది. తెర మీద ఆ గ్లాసులో కనిపించేది బూడిదరంగు. శనివారం సాయంత్రానికల్లా దానికి ఏదో ఒక రంగు ఖాయం చేసి వచ్చినవాళ్లందరి చేతుల్లో పెట్టాలి.

అన్నయ్య ఎరుపన్నాడు. ఓడ కెప్టెన్ అన్నవాడు ఎర్రటిది తప్ప ముట్టడని అతని వాదన. ఓడని దగ్గరనుంచి చూసిన పాపాన పోలేదు. అయినా సిటీ బస్సు డిపోలో టైంకీపరు కాబట్టి, ప్రయాణాలకు సంబంధించిందేదైనా తన శాఖ కిందికే వస్తుందని అతని నమ్మకం. అమ్మ పచ్చ అంది. కారణం ఏమీ లేదు, కొడుకు ఎరుపన్నాడు, అంతే.

బుజ్జి ఇద్దరి మాటా కాదనలేదు. ముప్పై దాటినా ఇంట్లో ఆమె బుజ్జే. పెయింట్ల దుకాణంలో రంగులు కలిపే ఉద్యోగం కాబట్టి పానీయాలు కలిపే పని కూడా ఆమె నెత్తినే పడింది. ఒక గ్లాసులో రమ్ము, దానిమ్మరసం, ఇంకో గ్లాసులో జిన్ను, కీరాదోసరసం, పుదీనా కలిపి బల్ల మీద పక్కపక్కనే పెట్టింది. ఫోనుతో నలుపు తెలుపులో ఫొటో తీసి చూపించింది. రెండూ ఒకే బూడిదరంగు. ఇందులో ఎరుపేదో చెప్పండి అంటే అన్నయ్య ఫోనుని దగ్గరికీ దూరానికీ జరిపి చూశాడు. అమ్మ మాత్రం రెండు గ్లాసులూ రుచి చూసి తేలుస్తానంది. అమ్మ మామూలుగా తాగదు, రంగు తేల్చడానికి మాత్రమే తాగుతుంది. తేల్చి తేల్చి, ఎరుపుకే ఓటు వేసి సోఫాలో వాలిపోయింది.

ఆ ఇంటి సినిమా సాయంత్రాలకు ఒక ఆచారం ఉంది. ‘తెర మీదిది చేతిలోకి’ అంటాడు అన్నయ్య. సినిమాలో వాళ్లు సూపు తాగుతుంటే చూసేవాళ్ల చేతిలోనూ సూపు ఉండాలి. వాళ్లు గ్లాసెత్తితే వీళ్లూ ఎత్తాలి. కాస్త అటూ ఇటూ అయినా అన్నయ్యకు బస్సు తప్పిపోయినంత బాధ. ముందుగానే సినిమా వేసుకుని చూసి, ఏది ఎప్పుడు బయలుదేరాలో డిపోలో వేసినట్టే పట్టిక వేసి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తాడు. వంటగదికీ హాలుకీ మధ్య వెడల్పాటి ద్వారం ఉంది. ఆ ద్వారానికే తెల్ల దుప్పటి బిగించి కడతారు. అదే తెర. హాల్లో వెనకగోడ దగ్గర ప్రొజెక్టరు, దాని పక్కన అన్నయ్య కుర్చీ. తెరకు అవతల, వంటగదిలో, వదిన. పగలు పళ్ల డాక్టరు దగ్గర ఎవరి తర్వాత ఎవరిని లోపలికి పంపాలో చూసే పని వదినది. ఇంట్లో ఏ పళ్లెం తర్వాత ఏ పళ్లెం బయటికి పంపాలో చూసే పనీ వదినదే.

ఈసారి వేయబోయేది కొత్త సినిమా కాదు. ఈ వేడుక మొదలుపెట్టిన రోజున వేసిన ఓడ సినిమానే, అందరూ అడిగితే మళ్లీ వేస్తున్నారు. ఒక ముసలి ప్రయాణికుల ఓడ ఆఖరిసారి సముద్రం మీదికి వెళ్తుంది. కెప్టెన్ వీడ్కోలు విందు ఇస్తాడు. ఆ విందులో ఒకావిడ ముత్యాలహారం మాయమవుతుంది. కథంతా అదే.

రంగు తేలిపోయాక అన్నయ్య కుర్చీల పక్కన చిన్న స్టూళ్లు సర్దడం మొదలుపెట్టాడు. వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి కాసేపు చూసింది.

"స్టూళ్లు ఎడమవైపు వెయ్యాలేమోనండీ. కెప్టెన్ గ్లాసెత్తేది ఎడమ చేత్తో కదా," అంది.

అన్నయ్య చేతిలో స్టూలు అలాగే ఉండిపోయింది. ఎవరు చెప్పారన్నాడు. మొదటిసారి వేసినప్పుడు చూశాను కదా అంది వదిన. కుడిచెంప మీద గాటు కూడా ఉంటుంది, గ్లాసు ఎత్తేటప్పుడు ఆ చెంపే మనవైపు తిప్పుతాడు అని కూడా చెప్పింది. అన్నయ్య ఇక ఆగలేదు. సినిమా పెట్టి, సరిగ్గా ఆ చోటు తీసి, బొమ్మని ఆపాడు. కెప్టెన్ చేతిలో గ్లాసు ఉంది. కుడి చేతిలో. గాటు ఎడమచెంప మీద ఉంది.

"నిద్రపోతూ చూశావా ఏమిటే?" అన్నాడు అన్నయ్య.

అమ్మ నవ్వింది. బుజ్జీ నవ్వింది. వదిన కూడా నవ్వింది గాని, అందరికంటే ముందు ఆపేసింది. బొమ్మ దగ్గరికి వెళ్లి కెప్టెన్ చేతిని కాసేపు చూసి, "అవును, కుడే," అని వంటగదిలోకి వెళ్లిపోయింది. అన్నయ్య అంతటితో వదిలితే బాగుండేది. డిపోలో స్నేహితుడైన కండక్టరుకి ఫోన్ చేసి, మా ఆవిడ కెప్టెన్‌ని ఎడమచేతివాటం వాడిని చేసేసిందని చెప్పాడు. ఇద్దరూ ఫోన్లో మరికాసేపు నవ్వుకున్నారు. వంటగదిలో కుళాయి చప్పుడు కాస్త పెద్దదైంది.

మర్నాడు దుకాణంలో ఒక పెద్దాయన గుండీ పట్టుకొచ్చాడు. మనవరాలి గౌనుదట. ఆ రంగే బీరువాకి కావాలన్నాడు. గుండీ మీద గోరుతో గీస్తే గీత పడేంత చోటు కూడా లేదు. బుజ్జి దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పగటి వెలుగులో చూసింది. తెల్ల రంగు డబ్బా మూత తీసి, యంత్రం కింద పెట్టి, నీలం కొంచెం, దానికి నలుపు చుక్క, పసుపు చుక్క పడనిచ్చింది. మూత వేసి రబ్బరు సుత్తితో చుట్టూ కొట్టి, కుదిపే యంత్రంలో బిగించి మీట నొక్కింది. ఆ యంత్రం మొదలుపెడితే దుకాణమంతా వణుకుతుంది. అది ఆగేదాకా చేసే పనేమీ ఉండదు. బుజ్జి అద్దం తలుపు వైపు చూస్తూ నిలబడింది.

అద్దం మీద దుకాణం పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. వీధిలోవాళ్లు చదువుకోవడానికి రాసింది. లోపల్నుంచి చూస్తే అక్షరాలన్నీ అటుదిటు తిరిగి ఉంటాయి. ఉద్యోగంలో చేరిన రోజునుంచీ బుజ్జి వాటిని అలాగే చూస్తోంది. తిరగబడి ఉన్నాయని కూడా ఎప్పుడూ అనిపించలేదు. ఇవాళ మాత్రం ఆ అక్షరాల మీద ఆమె చూపు ఆగిపోయింది.

తెల్ల దుప్పటి. ఇటు హాలు, అటు వంటగది. ప్రొజెక్టరు వెలుగు దుప్పటిని దాటి అవతలికి కూడా పోతుంది. అవతల్నుంచి చూసేవాళ్లకి కుడిచెయ్యి ఎడమచెయ్యి అవుతుంది. ఎడమచెంప మీది గాటు కుడిచెంప మీదికి వస్తుంది.

వదిన నిద్రపోలేదు. కళ్లు తెరుచుకునే చూసింది, చూసింది చూసినట్టే చెప్పింది. ఇన్ని సినిమాలూ తెర వెనకనుంచే చూసింది. నిన్న నవ్వినవాళ్లలో తనూ ఉన్నానని గుర్తొచ్చి బుజ్జికి సిగ్గేసింది. యంత్రం ఎప్పుడు ఆగిందో కూడా తెలియలేదు. గుండీ పెద్దాయన రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి వదిన నిమ్మకాయల తొక్క తురుముతోంది. సినిమా చివర్లో కెప్టెన్ కోసే నిమ్మకాయ కేకుకి అది. బుజ్జి చేతులు కడుక్కుని, ఫ్రిజ్‌కీ పొయ్యికీ మధ్యనున్న చిన్న పీట మీద కూర్చుంది. ఆ పీట ఎప్పుడూ అక్కడే ఉంటుంది. దాని మీద కూర్చుని తలెత్తితే దుప్పటి కట్టే ద్వారం సరిగ్గా ఎదురుగా కనిపిస్తుంది.

"వదినా, సినిమాలన్నీ నువ్వు ఇక్కడినుంచే చూశావా?"

తురుముతున్న చెయ్యి ఆగింది. "ఇక్కడినుంచీ బాగానే కనిపిస్తుంది. అక్షరాలే కాస్త ఇబ్బంది పెట్టేవి. ఇప్పుడు అవి కూడా అలవాటైపోయి గబగబా చదివేస్తున్నాను."

"మరి నిన్న ఆ మాట చెప్పొచ్చుగా?"

"నాకు మాత్రం అప్పుడు తట్టిందా? రాత్రి పడుకున్నాక తట్టింది. లేపి చెప్పమంటావా, ఏమండీ, మీ కెప్టెను వేరు, నా కెప్టెను వేరు అని?"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వు తగ్గాక వదిన మెల్లగా ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. పొయ్యి మంట చిన్నది చేసి పీట మీద కూర్చునేదట. కుడి చేతిలో ఎలాగూ గరిటె ఉంటుంది. అందుకని కెప్టెన్ గ్లాసెత్తినప్పుడు తనూ ఎడమ చేత్తో మంచినీళ్ల గ్లాసు ఎత్తేదట. కెప్టెనే కాదు, తర్వాత సినిమాల్లో ఎవరు గ్లాసెత్తినా అంతే. ఎదురెదురుగా కూర్చుని తాగుతున్నట్టే ఉండేదని చెప్పింది. లోటల్లా ఒక్కటే. ముగింపులు తెలియవు. ప్రతి సినిమాకీ చివర్లో తీపి ఉంటుంది. అది పళ్లేల్లో పెట్టాలంటే తెరకు వీపు పెట్టి నిలబడాలి. పెట్టి, దుప్పటి పక్కనున్న సందులోంచి హాల్లోకి అందించి వచ్చేసరికి దీపాలు వెలుగుతాయి, అందరూ చప్పట్లు కొడుతుంటారు, కాఫీ అడుగుతారు.

"మొదట్లో ఒకసారి మీ అన్నయ్యని అడిగాను. అదేమిటి, చూడలేదా అన్నారు. మళ్లీ అడగలేదు. గిన్నెలు కడుక్కుంటూ నేనే ఏదో ఒక ముగింపు అనుకుంటాను."

"ఓడ సినిమాకి ఏమనుకున్నావు?"

వదిన తురుము మీద మూత పెట్టింది. "హారం ఎవరూ దొంగిలించలేదు. కొక్కెం ఊడి సూపు గిన్నెలో పడింది. గిన్నెలు కడిగే మనిషికి దొరికింది. ఓడలో అందర్నీ నిలబెట్టి సోదా చేశారు గాని, గిన్నెలు కడిగేవాళ్లని ఒక్కరూ అడగలేదు చూడు. అడగనప్పుడు ఎందుకు చెప్పాలి? మెళ్లో వేసుకుని దిగిపోయింది."

బుజ్జికి అసలు ముగింపు నోటిదాకా వచ్చింది. వదిన నిమ్మచెక్క పట్టుకున్న చెయ్యి అడ్డం పెట్టింది. "చెప్పకు. ఎప్పటికైనా ఒక్కటైనా చివరిదాకా నేనే చూస్తాను."

రేపే చూడు, వంటగది నేను చూసుకుంటానంది బుజ్జి. గ్లాసులు ఎవరు కలుపుతారంది వదిన. అన్నయ్యతో చెబుతానంటే అసలు ఒప్పుకోలేదు. ఆయన మంచివాడే, తెలిస్తే మనసు పాడుచేసుకుంటారు, నలుగురూ వచ్చే రోజున ఇదంతా ఎందుకు, చెప్పనని మాటివ్వు అంది. బుజ్జి మాటిచ్చింది. ఇచ్చాక చాలాసేపు ఆ పీట మీదే కూర్చుని ద్వారం వైపు చూస్తూ ఉండిపోయింది. చెప్పనని మాటిచ్చింది. చూపించనని మాటివ్వలేదు.

శనివారం మధ్యాహ్నానికే ఇల్లు ఓడ అయిపోయింది. అమ్మ కిటికీలకు నీలం గుడ్డలు కట్టింది. అన్నయ్య తెల్లచొక్కా వేసుకుని, భుజాల మీద బంగారు రంగు కాగితం పట్టీలు అంటించుకుని, దుప్పటి ముడతలు నాలుగు మూలలా లాగి లాగి సరిచేశాడు. బుజ్జి దానిమ్మరసం వడకట్టింది. నిమ్మచెక్కలకి గాటు పెట్టి గ్లాసుల అంచులకి గుచ్చింది. సినిమాలో ఓడ మీది వాయిద్యకారుడు తాగే తెల్లటి పానీయానికి క్రీము గిలక్కొట్టి ఫ్రిజ్‌లో పెట్టింది. వదిన చేపని కడిగి, పొట్టలో వెల్లుల్లి, నిమ్మచెక్కలు, వెన్న కూరి పెద్ద పళ్లెంలో పడుకోబెట్టింది. పొయ్యి మీద ఉల్లిపాయల సూపు సన్నగా ఉడుకుతోంది. ఆ వాసనకి పక్కింటి దంపతులు చెప్పిన టైముకన్నా ముందే వచ్చేశారు.

డిపోవాళ్లు గుంపుగా దిగారు. కండక్టరు గుమ్మంలోనే వదినని పట్టుకుని, "చెల్లెమ్మా, కెప్టెన్ ఏ చేత్తో తాగుతాడో మరిచిపోలేదుగా?" అన్నాడు. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వి, సూపు అడుగంటుతోందని లోపలికి వెళ్లిపోయింది. అన్నయ్య కళ్లల్లో ఇంకా పాత నవ్వే ఉంది. బుజ్జికి కండక్టరు మీదా, అన్నయ్య మీదా ఒళ్లు మండింది.

దీపాలు ఆర్పారు. తెర మీద ఓడ కూత వేసింది. సూపు గిన్నెలు సరిగ్గా సమయానికి చేతుల్లోకి వచ్చాయి. అన్నయ్య కుర్చీలో వెనక్కి వాలి, చేతిగడియారం చూసుకుని, తృప్తిగా తలాడించాడు. విందు దృశ్యం రాబోతోందనగా బుజ్జి ఎర్రటి గ్లాసులు అందరి పక్కనా పెట్టేసి, వెనక్కి వచ్చి అన్నయ్య భుజం తట్టింది.

"చేప పళ్లెం బరువుగా ఉంది. నా వల్ల కావట్లేదు. ఒక్కసారి రా."

ఇప్పుడా అన్నాడు. ఇప్పుడే, లేకపోతే చేప లేటవుతుందంది. లేటన్న మాట వినగానే లేచాడు.

వంటగదిలో వదిన అటు తిరిగి కేకు మీద నిమ్మతురుము చల్లుతోంది. అన్నయ్య రెండు చేతులా పళ్లెం ఎత్తాడు. నిమ్మచెక్కలు పెట్టాలి, కాస్త కదలకుండా పట్టుకోమని చెప్పి, బుజ్జి ఒక్కో చెక్కనీ ముగ్గేసినంత తీరుబడిగా పెట్టింది. అతను విసుగ్గా తలెత్తాడు. ఎదురుగా దుప్పటి మీద, నిలువెత్తున, కెప్టెన్ లేచి నిలబడ్డాడు. గాటున్న కుడిచెంప ఇటు తిప్పాడు. ఎడమ చేత్తో గ్లాసు ఎత్తాడు.

 కెప్టెన్ వెనక గోడకున్న ఓడ పేరు తిరగబడి ఉంది. హాలువైపు నుంచి గ్లాసులు తగిలిన చప్పుడూ నవ్వులూ వినిపించాయి. అన్నయ్య తెర వైపు చూశాడు, ఫ్రిజ్‌కీ పొయ్యికీ మధ్యనున్న పీట వైపు చూశాడు, పీట పక్కన గట్టు మీదున్న మంచినీళ్ల గ్లాసు వైపు చూశాడు. పళ్లెం చేతుల్లో అలాగే ఉంది. వెన్న ఒక పక్కకి కారుతోంది.

"ఎప్పుడూ ఇక్కడినుంచేనా?" అన్నాడు.

వదిన గిర్రున తిరిగింది. మొదట బుజ్జి వైపు చూసింది. నేనేమీ చెప్పలేదని బుజ్జి తల అడ్డంగా ఆడించింది.

"చేప చల్లారిపోతోందండీ," అంది వదిన.

"చల్లారనీ." అతను పళ్లెం గట్టు మీద పెట్టేశాడు. వదిన చేతిలో తురుము గిన్నె తీసుకున్నాడు. "వెళ్లి నా కుర్చీలో కూర్చో. దీపాలు వెలిగేదాకా లేచావంటే ఊరుకోను."

కేకు మీద క్రీము ఎలా వెయ్యాలో మీకు తెలియదంది వదిన. చెల్లెలు చెబుతుందన్నాడు. కాఫీకి నీళ్లు పెట్టాలంది. నీళ్లు పెట్టడం తనకి వచ్చన్నాడు. చివరికి కట్టుకున్న ఏప్రన్ విప్పి అతని చేతికిచ్చి, వదిన దుప్పటి పక్కనున్న సందులోంచి హాల్లోకి నడిచింది. బుజ్జికి గట్టిగా ఈల వెయ్యాలనిపించింది.

అక్కణ్నుంచి ఆ ఇంటి చరిత్రలో ఎన్నడూ లేనంత ఆలస్యం మొదలైంది. సినిమాలో విందు ముగిసి అందరూ చేతులు తుడుచుకున్నాక చేప వచ్చింది. తెర మీద తుఫాను లేచి ప్రయాణికులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని స్తంభాలు కరుచుకుని ఉండగా, చూసేవాళ్ల చేతుల్లోకి క్రీము తేలే తెల్లటి పానీయం అందింది. బస్సు లేటయిందని, డిపోకి ఫిర్యాదు రాస్తానని కండక్టరు అరిచాడు. దారిలో ట్రాఫిక్ ఉందని తెర వెనకనుంచి టైంకీపరు జవాబిచ్చాడు. అమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఈ ఆలస్యాలే బాగున్నాయని పక్కింటావిడ అంది. ఇప్పటిదాకా పరీక్ష రాస్తున్నట్టు తింటున్నామట.

బుజ్జి సందులోంచి తొంగి చూసింది. వదిన సినిమా తప్ప ఇంకేమీ చూడటం లేదు. కుర్చీ అంచున కూర్చుని, రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది. తెర మీద కెప్టెన్ కేకు కోశాడు. వాయిద్యకారుడు లేచి, తన వాయిద్యం పెట్టె తెరిచి, హారం తీసి బల్ల మీద పెట్టాడు. కెప్టెన్ దాన్ని చూసి, తన టోపీ తీసి దాని మీద బోర్లించి, ఇంకో ముక్క కోసి వాయిద్యకారుడి పళ్లెంలో పెట్టాడు. ఒక్క మాట కూడా అనలేదు. ఓడ రేవుకి చేరింది. ముగింపు అక్షరాలు తిరగబడకుండా, సరిగ్గా తెర మీదికి వచ్చాయి. వదిన వాటిని పెదాలు కదుపుతూ చదివింది. కేకు ఇంకా రాలేదు.

దీపాలు వెలిగాక అన్నయ్య కేకు పట్టుకుని బయటికి వచ్చాడు. ఏప్రన్ కింద కెప్టెన్ చొక్కా, మోచేతి దాకా క్రీము, ఒక భుజం మీద పట్టీ ఊడి వేలాడుతోంది. కండక్టరు ఊరుకునే రకం కాదు.

"ఇంతకీ చెల్లెమ్మా, ఈసారైనా సరిగ్గా చూశావా? ఏ చేత్తో ఎత్తాడు?"

వదిన నోరు తెరిచేలోపలే అన్నయ్య అందుకున్నాడు.

"ఎడమ చేత్తో. నేను కళ్లారా చూశాను."

ఇంతమందిమి చూశాం, కుడి చెయ్యే కదా అన్నారు డిపోవాళ్లు. అన్నయ్య కేకు కింద పెట్టి, వెళ్లి దుప్పటి ఒక మూల ముడి విప్పాడు. దుప్పటి జారింది. వెనక వంటగది, పొయ్యి, ఫ్రిజ్, వాటి మధ్య చిన్న పీట అందరికీ కనిపించాయి.

"అక్కడ కూర్చుంటే ఎడమే. మా ఆవిడ ఇన్ని సినిమాలూ అక్కడ కూర్చునే చూసింది, మనందరికీ వండి పెడుతూ. నాకు ఇవాళే తెలిసింది. నేనే నవ్వాను, నేనే మీచేత నవ్వించాను. తప్పు నాదే."

 కండక్టరు చేతిలోని పళ్లెం మెల్లగా స్టూలు మీద పెట్టాడు. అన్నయ్య భార్య వైపు తిరిగాడు. ఆ సినిమా అతనికి మాట మాటా కంఠతా వచ్చు. ఎవరు ఎక్కడ ఏం తింటారో నిద్రలో లేపినా చెబుతాడు.

"కేకుతో తంటాలు పడుతూ చివర చూడలేదు," అన్నాడు. "హారం ఏమైంది?"

వదిన అతన్ని కాసేపు చూసింది. ఆమె కళ్లు తడిశాయి, పెదాలు మాత్రం నవ్వాయి. కెప్టెన్ టోపీ బోర్లించడం, కేకు ముక్క పెట్టడం అంతా చేత్తో చూపిస్తూ చెప్పింది. అన్నయ్య మొదటిసారి వింటున్నట్టే విన్నాడు. ఆమె దగ్గర దీనికి ఇంకో ముగింపు కూడా ఉందని బుజ్జి అందించింది. అదీ చెప్పక తప్పలేదు. కుర్చీలన్నీ కిర్రుమంటూ వదిన వైపు తిరిగాయి. గిన్నెలు కడిగే మనిషి హారం మెళ్లో వేసుకుని ఓడ దిగిపోయేసరికి హాలంతా చప్పట్లు. నాకు ఇదే బాగుంది, ఆ కెప్టెన్‌ది ఒట్టి మొహమాటం అని తేల్చేసింది అమ్మ.

బుజ్జి మిగిలిన ఎర్రటిదంతా గ్లాసుల్లోకి వంచింది. కండక్టరు అందరికంటే ముందు గ్లాసు ఎత్తాడు. సగం ఎత్తి, చేతివైపు చూసుకుని, దించి, ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. డిపోవాళ్లూ మార్చుకున్నారు. పక్కింటి దంపతులు, బుజ్జి, ఏప్రన్‌లోని కెప్టెను, రంగు ఇంకా పూర్తిగా తేలలేదంటూ అమ్మ, అందరూ ఎడమ చేతులే ఎత్తారు. అలవాటు లేక సగం మంది బట్టల మీద ఒలకబోసుకున్నారు. అన్నయ్య తెల్లచొక్కా అయితే ఇక పనికిరాదు.

వదిన కూడా ఎడమ చేత్తోనే ఎత్తింది. ఒక్క చుక్క ఒలకలేదు.